దూర నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం: మీరే లెక్కగట్టుకోవడం ఎలా?

ఇంట్లో ఎవరైనా ఖండాలు దాటి ప్రయాణమవుతున్నారంటే మొదట వచ్చే ప్రశ్నలు రెండే. ఎంత దూరం? ఎన్ని గంటలు? టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఎంతని ఫోన్‌లో వెతికితే ఒకచోట 8,755 అని, ఇంకోచోట 5,440 అని, మరోచోట 9,000 పైచిలుకు అని కనిపిస్తుంది. సమయం సంగతి ఇంకా గజిబిజి. వెళ్లేటప్పుడు 10 గంటలు, వచ్చేటప్పుడు 11 గంటల 40 నిమిషాలు అంటారు. టికెట్ చూస్తే సాయంత్రం 5 గంటలకు బయల్దేరి అదే రోజు పొద్దున 11 గంటలకు దిగుతున్నట్టు ఉంటుంది. ఏదో పొరపాటు జరిగిందని టెన్షన్ మొదలవుతుంది.

నిజానికి వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు, అంతే. దూరమంటే ఏ దూరం, సమయమంటే ఏ సమయం అని విడదీసి అడగడం అలవాటైతే ఈ గందరగోళం పోతుంది. ఆ విడదీయడం ఎలాగో ఇక్కడ చెబుతాను. కాగితం, పెన్ను, ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు. ఉదాహరణకు టోక్యో, లాస్ ఏంజెలెస్ తీసుకుందాం. పసిఫిక్ మహాసముద్రానికి చెరో ఒడ్డున ఉన్న నగరాలు, పైగా వాటి మధ్య తేదీ మారే గీత ఉంది. అందువల్ల చిక్కులన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఇది అర్థమైతే మీకు కావలసిన ఏ రెండు నగరాలకైనా లెక్క కట్టగలరు.

1. నగరం కాదు, విమానాశ్రయం రాసుకోండి

టోక్యోకు రెండు పెద్ద విమానాశ్రయాలు ఉన్నాయి. హనేడా ఊరిలోపలే ఉన్నట్టు లెక్క. నరిటా నగరం నడిబొడ్డు నుంచి 60 కిలోమీటర్ల పైనే. లండన్ పేరుతో హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ ఇలా చాలా ఉన్నాయి. కాబట్టి ముందు విమానాశ్రయం పేరు, దాని మూడక్షరాల కోడ్ రాసుకోండి. నరిటాకు ఎన్‌ఆర్‌టీ, హనేడాకు హెచ్‌ఎన్‌డీ, లాస్ ఏంజెలెస్‌కు ఎల్‌ఏఎక్స్. టికెట్ మీద, లగేజీ ట్యాగ్ మీద ఉండేది ఈ కోడే.

కోడ్ మీద ఇంత పట్టు ఎందుకంటే, ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉండటం అరుదేమీ కాదు. శాన్ హోసే కాలిఫోర్నియాలో ఒకటి, కోస్టారికా రాజధాని ఒకటి. సిడ్నీ ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఉంది. ఆస్ట్రేలియా వెళ్లాల్సినవాళ్లు పేరు మాత్రమే చూసి బుక్ చేసుకుని కెనడాలో దిగిన సందర్భాలు వార్తల్లోకి కూడా వచ్చాయి.

2. భూమి మీద దూరం కొలవండి

గోడకు వేలాడే మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలవకండి. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాల వైపు ఉన్న భాగాలు సాగిపోతాయి. అందుకే మ్యాప్ మీద తిన్నగా కనిపించే గీత నేల మీద దగ్గరి దారి కాదు. నిజమైన దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే వలయంలో అది ఒక ముక్క. మ్యాప్ మీద అది విల్లులా వంగి కనిపిస్తుంది, గ్లోబు మీద మాత్రం తిన్నగా ఉంటుంది.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొస టోక్యో మీద, రెండో కొస లాస్ ఏంజెలెస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం తనంతట తానే పొట్టి దారిలోకి సర్దుకుంటుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే గ్లోబు మీద ఒక సెంటీమీటరు నేల మీద దాదాపు 425 కిలోమీటర్లు. దారం 20 సెంటీమీటర్లు దాటి కొంచెం వస్తుంది. గుణిస్తే 8,700 ప్రాంతంలో తేలుతుంది. పిల్లలు ఉన్న ఇంట్లో ఈ పని తప్పకుండా చేయించండి. భూమి గుండ్రంగా ఉందన్న మాట అప్పుడు వాళ్ల చేతికి తగులుతుంది.

కచ్చితంగా కావాలంటే లెక్క ఉంది. ప్రతి విమానాశ్రయానికీ అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. ఉత్తరం, తూర్పు అయితే ప్లస్, దక్షిణం, పడమర అయితే మైనస్. నరిటా అక్షాంశం 35.76, రేఖాంశం 140.39. లాస్ ఏంజెలెస్ అక్షాంశం 33.94, రేఖాంశం పడమర కాబట్టి మైనస్ 118.41. ఇప్పుడు ఇలా చేయండి.

రెండు అక్షాంశాల సైన్ విలువలు గుణించండి. 0.5844 ను 0.5583 తో గుణిస్తే 0.3263.

రెండు అక్షాంశాల కొసైన్ విలువలు గుణించండి. 0.8115 ను 0.8296 తో గుణిస్తే 0.6732. దీన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించాలి. తేడా 258.80 డిగ్రీలు. అది 180 దాటింది కాబట్టి 360 లోంచి తీసేస్తే 101.20. దాని కొసైన్ మైనస్ 0.1942. గుణిస్తే మైనస్ 0.1308.

రెండూ కలిపితే 0.1955. దీనికి కొసైన్ విలోమం (కాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) తీస్తే 78.73 డిగ్రీలు. గోళం మీద ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 8,755 కిలోమీటర్లు.

కాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. రేడియన్ల మోడ్‌లో ఉంటే అర్థంలేని అంకె వస్తుంది. ఇంకో పెద్ద పొరపాటు మైనస్ గుర్తు మర్చిపోవడం. లాస్ ఏంజెలెస్ రేఖాంశాన్ని ప్లస్ 118.41 అని వేస్తే పసిఫిక్ మొత్తం మాయమై దూరం దాదాపు 2,000 కిలోమీటర్లని చూపిస్తుంది! జవాబు రాగానే గ్లోబు వైపు ఒకసారి చూసి, ఇది నమ్మదగినదేనా అని అడగండి. ఇంకో హద్దు కూడా గుర్తుంచుకోండి. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దగ్గరి దారి సుమారు 20,000 కిలోమీటర్లు దాటదు. దాటిందంటే లెక్కలో తప్పు ఉన్నట్టే.

ఈ లెక్క భూమిని నిఖార్సైన గోళం అనుకుని చేసినది. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుని ఉంటుంది. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. అందువల్ల వేర్వేరు సైట్లలో అంకె పది, ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ప్రయాణికులుగా మనం దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

దగ్గరి దారి ఎంత తేడా తెస్తుందో చూడండి. ఈ రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కదా అని తిన్నగా తూర్పుకే వెళితే దూరం సుమారు 9,235 కిలోమీటర్లు అవుతుంది. గ్రేట్ సర్కిల్ దారి నడుమ దాదాపు 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది, అయినా 480 కిలోమీటర్లు ఆదా చేస్తుంది.

రెండు నగరాలు ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. కైరో సుమారు 30 డిగ్రీల ఉత్తరం, జొహన్నెస్‌బర్గ్ సుమారు 26 డిగ్రీల దక్షిణం. రెండూ కలిపితే 56 డిగ్రీలు, 111 తో గుణిస్తే 6,200 పైచిలుకు. నోటి లెక్కకు అది చాలు.

లెక్క వద్దనుకుంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు కొడితే దూరం, వంపు గీత రెండూ వస్తాయి. అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడమని నా మాట. ఆ తర్వాత ఏ సైట్ ఏం చెప్పినా అది దేనికి లెక్క చెబుతోందో మీకు తెలుస్తుంది.

3. యూనిట్ చూడండి

పైన చెప్పిన 5,440 ఎక్కడి నుంచి వచ్చిందంటే, అది మైళ్లు. ఒక మైలు 1.609 కిలోమీటర్లు. విమానాల వాళ్లు వాడేది నాటికల్ మైలు. అది సరిగ్గా 1.852 కిలోమీటర్లు. మన 8,755 కిలోమీటర్లు 5,440 మైళ్లు, 4,727 నాటికల్ మైళ్లు. దూరం ఒక్కటే, అంకెలు మూడు. వేగాన్ని నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని చెబితే 1.852 తో గుణించండి, గంటకు కిలోమీటర్లు వస్తాయి.

4. విమానం నిజంగా ఎగిరే దారి వేరు

గ్రేట్ సర్కిల్ దూరం కనీస దూరం. విమానం అంతకంటే ఎక్కువే ఎగురుతుంది. బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా ఉండే రన్‌వే నుంచి లేచి, తర్వాత దారిలోకి మలుపు తీసుకోవాలి. దిగేటప్పుడు వరసలో నిలబడాలి. నడుమ తుపానులను, సైనిక ప్రాంతాలను తప్పుకోవాలి. రెండు ఇంజిన్ల విమానం సముద్రం మీద వెళుతున్నప్పుడు, ఒక ఇంజిన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగేంత దగ్గర్లో ఉండాలన్న నిబంధన కూడా ఉంది. మామూలు రోజుల్లో 3 శాతం కలుపుకుంటే సరిపోతుంది. మన 8,755 అలా సుమారు 9,020 అవుతుంది.

ఆకాశం మూతపడితే మాత్రం ఈ 3 శాతం ఏ మూలకూ సరిపోదు. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం చాలా దేశాల విమానసంస్థలకు మూసుకుపోయింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు అంతకుముందు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. ఫిన్‌ఎయిర్ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా చుట్టు తిరిగో వెళ్లాల్సి వచ్చి అది 13 గంటల దాకా పెరిగింది. నగరాలు కదల్లేదు, వాటి మధ్య దగ్గరి దారీ మారలేదు. అయినా ప్రయాణికుడికి మూడు గంటల పైన అదనం. పాత అంకెలు పట్టుకుని లెక్క వేసుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మీ దారి సంగతి తెలుసుకోవాలంటే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి సైట్లలో మీ ఫ్లైట్ నంబరు కొట్టి గత వారం రోజులు అది ఏ దారిన వెళ్లిందో, ఎంత సేపు గాల్లో ఉందో చూడండి. ఏడు రోజుల గీతలు ఏడు రకాలుగా ఉంటాయి. ఎందుకో రెండు అడుగుల తర్వాత తెలుస్తుంది.

5. దూరాన్ని గంటల్లోకి మార్చండి

దూరాలు వెళ్లే జెట్ విమానాలు శబ్దవేగంలో సుమారు 0.85 వంతు వేగంతో ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి మైనస్ 56 డిగ్రీల చలిలో ఉంటుంది. అక్కడ శబ్దవేగం గంటకు 1,062 కిలోమీటర్ల దాకా. అందులో 0.85 వంతు అంటే గంటకు 900. గుర్తుంచుకోవడానికి సులువైన అంకె.

ఎగిరే దూరాన్ని 900 తో భాగించండి. 9,020 కి సుమారు 10 గంటలు వస్తుంది. దీనికి 40 నిమిషాలు కలపండి. గేటు నుంచి రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా వెళ్లడం, పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండటం, దిగాక మళ్లీ గేటు దాకా వెళ్లడం, వీటన్నిటికీ ఆ 40 నిమిషాలు. మొత్తం 10 గంటల 40 నిమిషాలు. రద్దీ విమానాశ్రయమైతే గంట వేసుకోండి.

ఇక్కడ రెండు సమయాలు ఉన్నాయని గమనించండి. టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా గాల్లో ఉండే సమయం ఒకటి. గేటు నుంచి గేటు దాకా పట్టే సమయం ఇంకొకటి, దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్. పైలట్ మైకులో చెప్పేది ఎక్కువగా గాల్లో ఉండే సమయం. రెంటి మధ్య అరగంట తేడా సహజం. పైగా ఆలస్యాలు సర్దుబాటు కావడానికి ఎయిర్‌లైన్స్ టైమ్‌టేబుల్‌లో కొన్ని నిమిషాలు అదనంగా వేస్తాయి. విమానం ఆలస్యంగా బయల్దేరి కూడా టైముకు చేరడం వెనుక చాలాసార్లు ఈ అదనపు నిమిషాలే ఉంటాయి.

6. గాలిని కలపండి

నాకు ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, భూమికి మధ్య అక్షాంశాల్లో, పడమర నుంచి తూర్పుకు గాలి ఒక నదిలా పారుతుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. వేగం గంటకు 160 కిలోమీటర్లు దాటడం మామూలే, కొన్నిసార్లు 300 కూడా దాటుతుంది. 1920ల్లో వసబురో ఓయిషి అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరును కొలిచి ఈ గాలిని గుర్తించారు. ప్రపంచమంతా చదవాలన్న కోరికతో ఆ ఫలితాలను, అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో ప్రచురించారు. ఆ భాష తెలిసినవాళ్లు తక్కువ కావడంతో ఆయన పని చాలాకాలం బయటి దేశాల దృష్టికి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదుగా ఎత్తున ఎగిరిన అమెరికన్ పైలట్లకు ఆ గాలి నేరుగా ఎదురైంది.

విమానం వేగమంటే చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. ఆ గాలే ఒకవైపు కదులుతుంటే, నేలతో పోల్చిన వేగం మారిపోతుంది. సీటు ముందు తెర మీద కనిపించే గ్రౌండ్ స్పీడ్ ఇదే. పారే ఏట్లో పడవ నడిపినట్టు అనుకోండి. ప్రవాహం వెంట వెళితే త్వరగా చేరతాం, ఎదురెళితే ఆలస్యం.

మన లెక్కలో సగటు గాలి గంటకు 80 కిలోమీటర్లు అనుకుందాం. దారి పొడవునా జెట్ స్ట్రీమ్ నడిమధ్యలో ఉండం కాబట్టి సగటు అంతకంటే పెద్దగా వేసుకోవద్దు. టోక్యో నుంచి తూర్పుకు వెళ్లేటప్పుడు వేగం 980. 9,020 ని 980 తో భాగించి 40 నిమిషాలు కలిపితే 9 గంటల 52 నిమిషాలు. తిరిగి పడమరకు వచ్చేటప్పుడు వేగం 820. అప్పుడు 11 గంటల 40 నిమిషాలు. టికెట్లలో కనిపించే అంకెలు ఈ దగ్గర్లోనే ఉంటాయి. ఒకే సముద్రం, ఒకే విమానం, దాదాపు రెండు గంటల తేడా.

ఇంకో సంగతి. గాలి లేకపోతే రానుపోను కలిపి 21 గంటల 22 నిమిషాలు. గాలి ఉంటే 21 గంటల 32 నిమిషాలు. వెళ్లేటప్పుడు మిగిలింది వచ్చేటప్పుడు పోయిందానికి సమానం కాదు, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమరకు వెళ్లే విమానానికి గమ్యమే ఎదురొస్తుంది, త్వరగా చేరాలి కదా అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. విమానం నేల మీద ఉన్నప్పుడే భూమితో పాటు తిరుగుతోంది, గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. పైకి లేచినంత మాత్రాన ఆ చలనం పోదు. తేడా అంతా గాలి పారే దిశదే.

ఈ గాలి చలికాలంలో బలంగా, వేసవిలో బలహీనంగా ఉంటుంది. కాబట్టి జనవరి ప్రయాణానికి తేడా ఎక్కువ వేసుకోండి, జూలైకి తక్కువ. ఎంత బలంగా ఉండగలదంటే, 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఆ దూరం 5,550 కిలోమీటర్లు, మామూలుగా ఆరున్నర నుంచి ఏడు గంటలు పడుతుంది. గ్రౌండ్ స్పీడ్ గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా ఆ విమానం శబ్దవేగాన్ని దాటలేదు, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న గాలే దాన్ని మోసుకుపోయింది.

ఇందుకే రోజుకో దారి. టోక్యో వైపు వచ్చే విమానం ఈ ఎదురుగాలిని తప్పించుకోవడానికి కొన్ని రోజులు అలాస్కా వైపు ఉత్తరంగా వెళుతుంది. తూర్పుకు వెళ్లేది దాన్ని వెతుక్కుంటూ దక్షిణంగా జరుగుతుంది. సింగపూర్, న్యూయార్క్ మధ్య దగ్గరి దారి 15,300 కిలోమీటర్ల పైనే, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. కానీ సింగపూర్ నుంచి వెళ్లే విమానాలు తరచుగా పసిఫిక్ మీదుగా తూర్పుకే వెళతాయి. దూరం పెరిగినా సమయం తగ్గుతుంది. 18 గంటలకు పైగా పట్టే ప్రయాణంలో అది చిన్న లాభం కాదు.

7. గడియారం లెక్క: అన్నీ యూటీసీలోకి మార్చండి

టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. ఈ రెంటినీ నేరుగా తీసివేయకూడదు. రెండింటినీ యూటీసీ అనే ఉమ్మడి సమయంలోకి మార్చి, అక్కడ కూడిక చేసి, మళ్లీ స్థానిక సమయంలోకి తేవాలి. ఈ పద్ధతిలో ఎప్పుడూ తప్పు రాదు.

టోక్యో యూటీసీ కంటే 9 గంటలు ముందు. లాస్ ఏంజెలెస్ వేసవిలో 7 గంటలు, చలికాలంలో 8 గంటలు వెనక. వేసవిలో ఒక మంగళవారం సాయంత్రం 5 గంటలకు టోక్యోలో బయల్దేరారు అనుకుందాం. 9 గంటలు తీసేస్తే యూటీసీలో మంగళవారం ఉదయం 8. పది గంటల ప్రయాణం కలిపితే సాయంత్రం 6. లాస్ ఏంజెలెస్‌కు 7 గంటలు తీసేస్తే మంగళవారం ఉదయం 11. సాయంత్రం బయల్దేరి అదే రోజు ఉదయం దిగడం ఇలా జరుగుతుంది. నడుమ తేదీ మారే గీత దాటారు, అంతే.

తిరుగు ప్రయాణంలో ఆ రోజు అప్పు తీరుతుంది. లాస్ ఏంజెలెస్‌లో మంగళవారం మధ్యాహ్నం 1 గంటకు బయల్దేరితే యూటీసీలో రాత్రి 8. పదకొండు గంటల 40 నిమిషాలు కలిపితే బుధవారం ఉదయం 7.40. టోక్యోలో బుధవారం సాయంత్రం 4.40. టికెట్ మీద దిగే సమయం పక్కన చిన్నగా +1 అని ఉంటుంది. దిగేది మరుసటి రోజు అని దాని అర్థం. +2 కూడా ఉండొచ్చు.

ఆ చిన్న గుర్తును దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. నేను ఒకసారి అది గమనించక, బయల్దేరే తేదీకే గది బుక్ చేసుకున్నాను. ఆ రాత్రంతా నేను గాల్లో ఉన్నాను. దిగి వెళ్లేసరికి నేను రాలేదని బుకింగ్ రద్దయిపోయింది. అప్పటి నుంచి గది బుక్ చేసే ముందు దిగే తేదీని కాగితం మీద వారంతో సహా రాసుకుంటున్నాను.

ఇలాంటిదే ఇంకొకటి అర్ధరాత్రి విమానం. 15వ తేదీ 00.30 అని ఉంటే విమానాశ్రయానికి చేరాల్సింది 14వ తేదీ రాత్రి. 15వ తేదీ రాత్రి వెళితే విమానం పోయి దాదాపు ఒక రోజు అవుతుంది. టికెట్ చేతికి రాగానే దీన్ని చూసుకోండి.

వేసవి సమయం పాటించే దేశాలతో జాగ్రత్త. యూరప్‌లో గడియారాలు మార్చి చివరి ఆదివారం ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుగుతాయి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. జపాన్ దీన్ని పాటించదు. మార్చిలో, అక్టోబరు చివర్లో ప్రయాణం ఉంటే ఆ తేదీన రెండు ఊళ్లలో ఉండే తేడాను విడిగా చూడండి, ఇవాళ్టి తేడాను కాదు.

ఇదే లెక్కను తిప్పి వేస్తే టికెట్ మీద ఉన్న రెండు సమయాల నుంచి అసలు ప్రయాణ సమయం వస్తుంది. మీరు దూరం నుంచి కట్టిన గంటలతో అది అరగంట, ముప్పావుగంట తేడాలో కలిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. నాలుగైదు గంటలు ఎక్కువ వచ్చిందంటే నడుమ ఎక్కడో ఆగుతోంది, వెతకండి.

8. నడుమ ఆగితే

డైరెక్ట్ వేరు, నాన్‌స్టాప్ వేరు. నాన్‌స్టాప్ అంటే ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదు, కానీ దారిలో ఒకచోట దిగి మళ్లీ ఎగరొచ్చు. బుక్ చేసేముందు ఆగే చోట్లు సున్నా అని ఉందో లేదో చూడండి.

విమానం మారాల్సి వస్తే, రెండు ముక్కల దూరాలు విడివిడిగా కట్టి కలపండి. లండన్ నుంచి సిడ్నీకి దగ్గరి దారి సుమారు 17,000 కిలోమీటర్లు. సింగపూర్ మీదుగా వెళితే సుమారు 17,200. దుబాయ్ మీదుగా 17,500. లాస్ ఏంజెలెస్ మీదుగా అయితే 20,800 దాకా. సింగపూర్, దుబాయ్ దారుల మధ్య తేడా 300 కిలోమీటర్లు, అంటే ఇరవై నిమిషాలు. దాని గురించి ఆలోచించడం దండగ. చూడాల్సింది నడుమ ఎంతసేపు కూర్చోవాలో. మూడు గంటల లేఓవర్‌కు, తొమ్మిది గంటల లేఓవర్‌కు తేడా ఆ 300 కిలోమీటర్ల కంటే ఎన్నో రెట్లు. లాస్ ఏంజెలెస్ దారి మాత్రం దూరంలోనే నాలుగు గంటలు తినేస్తుంది.

మరీ తక్కువ లేఓవర్ కూడా వద్దు. ప్రతి విమానాశ్రయానికీ విమానం మారడానికి కనీస సమయం ఇంతని ఒక లెక్క ఉంటుంది. ఒకే టికెట్ మీద రెండు విమానాలు ఉండి, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో పంపే బాధ్యత సాధారణంగా ఎయిర్‌లైన్‌దే. విడివిడి టికెట్లు కొంటే ఆ భారమంతా మీ మీదే. పెద్దవాళ్లు ఒంటరిగా వెళుతుంటే నాన్‌స్టాప్ దొరికినప్పుడు నాన్‌స్టాపే తీసుకోండి. లేదంటే ఒకే టికెట్ మీద కనీసం రెండున్నర, మూడు గంటల నడుమ సమయం ఉండేలా చూడండి.

ప్రయాణం ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఒక సౌఖ్యం ఉంది. కైరో నుంచి జొహన్నెస్‌బర్గ్‌కు ఎనిమిది గంటల దాకా ఎగిరినా గడియారం పెద్దగా మారదు. అలసట ఉంటుంది కానీ రాత్రి నిద్ర పట్టకపోవడం ఉండదు. అదే ఎనిమిది గంటలు తూర్పుకు వెళితే శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది. చేరిన మర్నాడే ముఖ్యమైన పని పెట్టుకునే ముందు దిశ కూడా చూసుకోండి.

9. గుమ్మం నుంచి గుమ్మం దాకా

అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. ఇంటి నుంచి అక్కడికి పట్టే సమయం, దిగాక ఇమ్మిగ్రేషన్, లగేజీ, అక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లడం కలిపితే పది గంటల విమానం పదహారు గంటల ప్రయాణం అవుతుంది. ఎదురుచూసేవాళ్లకు చెప్పాల్సింది ఈ పదహారు.

చివరగా ఒక చిన్న కాగితం తయారుచేయండి. ఫ్లైట్ నంబరు, రెండు విమానాశ్రయాల కోడ్‌లు, టెర్మినల్ రాయండి. బయల్దేరే సమయాన్ని, దిగే సమయాన్ని రెండు ఊళ్ల గడియారాల్లోనూ, తేదీ, వారంతో సహా రాయండి. నడుమ ఆగితే అక్కడి సమయం కూడా. ఒక కాపీ ప్రయాణికుడి జేబులో, ఒకటి ఇంట్లో ఉండేవాళ్ల దగ్గర, ఒకటి స్టేషన్‌కో విమానాశ్రయానికో ఎదురొచ్చి తీసుకెళ్లేవాళ్ల ఫోన్‌లో ఉండనివ్వండి. ఫోన్ ఎప్పుడు కలుస్తుందో కూడా ఇంట్లోవాళ్ల గడియారం ప్రకారం దాని మీదే రాసిపెట్టండి.